బడిలో అల్లరి పిల్లవాడు – మన ఇంట్లో మనం చెప్పే మాట



ఈ వారం ధ్యానానికి వాక్యభాగం మత్తయి సువార్త 18వ అధ్యాయం, 1 నుంచి 22 వచనాలు. ఇది చదివే ముందు బైబిలు తెరిచి ఆ భాగం ఒకసారి చదువుకోండి.

జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి ప్రార్థన విన్నపాల్లో ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తోంది. జ్వరాలు, అప్పులు, కువైట్ వీసాలు ఎప్పుడూ ఉండేవే. వాటి మధ్యలో తల్లులు ఈ మాట కూడా చెబుతున్నారు: "అయ్యగారూ, మా పాప క్లాసులో ఒక పిల్లోడుండాడు. పెన్సిళ్ళు లాక్కుంటాడు, జడ పట్టి గుంజుతాడు, టీచరు పాఠం చెప్తాంటే అరుస్తాంటాడు. పాప బడికి పోనని ఏడుస్తాండాది. వాణ్ని ఆ బడిలో నుంచి తీసేయాలని ప్రార్థన చేయండి."

ఆ తల్లుల బాధను మేము తక్కువ చేసి మాట్లాడము. ఆరేడేళ్ళ బిడ్డకు బడే లోకం. అక్కడ రోజూ భయపడుతూ కూర్చుంటే అక్షరం తలకెక్కదు. పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, రాత్రి పక్క తడుపుతుంది. ఇది చిన్న సంగతి కాదు. ఆ పాప కోసం తప్పక ప్రార్థిస్తాము. అయితే ఆ పిల్లవాణ్ని తీసేయమని మాత్రం ప్రార్థించలేము. ఎందుకో ఈ రోజు వివరంగా చెప్పాలనుకుంటున్నాము.

ముందు బిడ్డ మాట పూర్తిగా వినండి

పిల్లలు ఏడుస్తూ ఇంటికొస్తే మన ఇళ్ళలో రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "నువ్వేం చేసినావో ముందు చెప్పు" అని బిడ్డనే గద్దించడం. అలా గద్దిస్తే రెండోసారి ఆ బిడ్డ మనకేమీ చెప్పదు. ఇంకొకటి, అప్పటికప్పుడు బయల్దేరి బడి గేటు దగ్గర నిలబడి కేకలు వేయడం. అలా పోతే మనం ఒక పక్క మాట మాత్రమే విని తీర్పు చెప్పేసినవాళ్ళం అవుతాం. మొదట మాట్లాడినవాడిదే న్యాయమనిపిస్తుంది, రెండోవాడు వచ్చి అడిగేదాకా. సామెతల గ్రంథం 18వ అధ్యాయం 17వ వచనం భావం ఇదే.

కాబట్టి అన్నం పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, నిదానంగా అడగండి. ఎక్కడ జరిగింది? క్లాసులోనా, అన్నం వరుసలోనా, బాత్రూము దగ్గరా, ఆటోలోనా? ఎన్నిసార్లు? ఎవరు చూసినారు? టీచరుకు చెప్పినావా, చెబితే ఏమన్నారు? ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. వారం రోజులు రాస్తే మీకే తెలుస్తుంది, అది ఒకనాటి గొడవా, లేక మీ బిడ్డనే ఎంచుకుని రోజూ సాగుతున్న వేధింపా అని. ఆ రెండింటికీ మందు ఒకటి కాదు.

"రెండు తగిలించి రా" అనే మాట

ఇక రెండో మాట మగపిల్లల తండ్రులకు. "వాడు ఒకటి కొడితే నువ్వు రెండు కొట్టి రా, ఏడుస్తా ఇంటికొచ్చినావంటే నేను కొడతా." ఈ మాట ధైర్యం నేర్పుతుందని మనవాళ్ళ నమ్మకం.

మనం ఉండేది ఏ నేల మీదో ఒకసారి గుర్తు చేసుకుందాం. జమ్మలమడుగు, పులివెందుల పేర్లు చెబితే బయటి జిల్లాల వాళ్ళకు ముందు గుర్తొచ్చేది కక్షలే. ఫ్యాక్షన్ అనే ఇంగ్లీషు మాట మన పల్లెల్లో చదువు రాని అవ్వకు కూడా తెలుసు. తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే అతని తమ్ముడు. మగదిక్కు లేని ఇళ్ళు, బీడుపడిన చేలు, కోర్టు వాయిదాలకు అమ్ముడుపోయిన గొడ్లు ఎన్నో చూసిన ప్రాంతం ఇది. ఆ కక్షలన్నీ పెద్ద సంగతులతోనే మొదలయ్యాయా? గట్టు దగ్గర ఒక మాట, నీళ్ళ దగ్గర ఒక తోపు, వెంటనే "ఊరికే వదిలితే మనల్ని లెక్కచేయరు" అనే ఆలోచన. రెండో తరగతి పిల్లవాడికి మనం చెప్పేది కూడా ఆ ఆలోచననే.

ఆదికాండము 4వ అధ్యాయంలో లెమెకు అనేవాడున్నాడు. తనను గాయపరచిన ఒక కుర్రవాణ్ని చంపి, ఆ సంగతి భార్యల ముందు గొప్పగా చెప్పుకున్నాడు. తనకు జరిగే ప్రతిదండన డెబ్బై ఏడంతలుగా ఉంటుందన్నాడు. అదే లెక్కను యేసుప్రభువు మత్తయి 18లో తిరగేశారు. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, ఏడు సార్లు కాదు, డెబ్బై ఏళ్ళ సార్లు అన్నారు. లెమెకు లెక్క కావాలా, ప్రభువు లెక్క కావాలా అనేది మన పిల్లలు మొదట నేర్చుకునే చోటు బడి ఆవరణే.

అంటే కొట్టించుకుని ఊరకుండమని చెప్పాలా? కాదు. గట్టిగా, అందరికీ వినిపించేలా "వద్దు, కొట్టొద్దు" అనమని నేర్పండి. చెయ్యి విడిపించుకుని పక్కకు రమ్మనండి. వెంటనే టీచరుకు చెప్పమనండి. సాటి పిల్లవాణ్ని ఎవరైనా ఏడిపిస్తుంటే వాడి పక్కన పోయి నిలబడమనండి. ఇది పిరికితనం కాదు. చెయ్యి ఎత్తడం కంటే దీనికే ఎక్కువ ధైర్యం కావాలి.

"వాణ్ని తీసేయండి" అనే మాట

2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసేయకూడదు. 2019లో ఆ చట్టాన్ని సవరించి అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్షలు, ఫెయిల్ చేయడం గురించి మార్పులు చేశారు గానీ, తీసేయకూడదనే మాట అలాగే ఉంది. "టీసీ ఇచ్చి పంపండి సార్" అని పదిమంది తల్లిదండ్రులు హెడ్మాస్టరు మీద ఒత్తిడి తెస్తే, చేయకూడని పని చేయమని అడుగుతున్నట్టే.

అలాగే "చర్మం వలిచినా పర్లేదు, కండ్లు మాత్రం వదిలేయండి సార్" అని మన పెద్దవాళ్ళు చనువుగా అనే మాట. అదే చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా వేధించడాన్నీ నిషేధించింది. "బెత్తం వాడమని సామెతల్లోనే ఉంది కదా అయ్యగారూ" అని కొందరు అడుగుతారు. అక్కడ సొలొమోను మాట్లాడుతున్నది సొంత కొడుకును ప్రేమించే తండ్రితో. పక్కింటివాడి కొడుకును వేరొకరి చేత కొట్టించమని ఏ లేఖనం చెప్పలేదు. 23వ కీర్తనలో కాపరి చేతిలో ఉన్న దుడ్డుకర్ర గొర్రెకు భయం కాదు, ఆదరణ.

చట్టం ఒకటైతే, మనకు మన చరిత్ర కూడా ఉంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి వాళ్ళ సేవలో పుట్టిందే. ఆ మిషన్ పెట్టిన బడుల్లో చదువుకున్నవాళ్ళలో ఎవరున్నారు? ఊరి బడి అరుగు ఎక్కనివ్వని వాడల పిల్లలు. వాళ్ళను చేర్చుకుంటే తమ పిల్లలను మాన్పించేస్తామన్న తల్లిదండ్రులు ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఎందరో ఉన్నారు. "మురికిగా ఉంటారు, మాట తీరు బాగుండదు, మా పిల్లలు చెడిపోతారు" అని కారణాలు చెప్పేవారు. మన సంఘంలో చాలామంది తాతముత్తాతలు, ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని ఆ పిల్లలే.

ఇప్పుడు మన పిల్లలకు యూనిఫాం, టై, స్కూలు బస్సు వచ్చాయి. ఈ రోజు మన నోటి నుంచి "ఆ కాలనీ పిల్లలు", "ఆ వాడ పిల్లలు", "వాళ్ళ పక్కన కూర్చోబెట్టొద్దు మేడం" అనే మాటలు వస్తుంటే ఒక్క క్షణం ఆగుదాం. మనకు అభ్యంతరం ఆ పిల్లవాడు చేసే పని మీదా, వాడు పుట్టిన ఇంటి మీదా? పని మీదే అయితే ఆ పని ఆపమని అడుగుదాం. బెంచీ మార్చమని అడగవచ్చు, కొన్నాళ్ళు దూరంగా కూర్చోబెట్టమని అడగవచ్చు, అన్నం వరుసలో ఒక పెద్దమనిషిని నిలబెట్టమని అడగవచ్చు. వాణ్నే లేకుండా చేయమని మాత్రం అడగకూడదు.

ఆ పిల్లవాడి ఇల్లు

అల్లరికి కారణం చెబితే తప్పును వెనకేసుకొస్తున్నారని అనుకోవద్దు. కారణం తెలియకుండా మందు వేయలేము, అంతే.

మన జిల్లాలో తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి, అవ్వ దగ్గర పెరిగే పిల్లలు చాలామంది ఉన్నారు. వీడియో కాల్‌లో అమ్మను చూసి పడుకునే బిడ్డ పొద్దున బడిలో ఎవరి మీద కోపం చూపిస్తాడో వాడికే తెలియదు. ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో పొద్దు పొడవకముందే పనికి పోయే తల్లిదండ్రుల పిల్లలు ఏమీ తినకుండా బడికి వస్తారు. మధ్యాహ్న భోజనం దాకా ఆకలితో ఉన్న పిల్లవాడు కుదురుగా కూర్చోడు. 2020లో గండికోట జలాశయంలో నీళ్ళు పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదిలి వచ్చేశారు. ఊరు మునిగిన ఇంటి పిల్లవాడు కొత్త బడిలో మొదటి రోజే బుద్ధిగా ఎలా ఉంటాడు? తాగి వచ్చే తండ్రి ఉన్న ఇంట్లో రాత్రి నిద్ర ఉండదు. కొట్టడం వాడు ఇంట్లోనే చూసి నేర్చుకున్నాడు.

ఇంకొన్ని కారణాలు కంటికి కనబడవు. చెవి సరిగా వినపడని పిల్లవాడు పాఠం అర్థంకాక పక్కవాణ్ని గిల్లుతాడు. బోర్డు కనబడనివాడు లేచి తిరుగుతాడు. కొందరు పిల్లలకు మనసు ఒకచోట నిలవదు, కాళ్ళూ చేతులూ కుదురుగా ఉండవు. అది పొగరు కాదు, వైద్యులు గుర్తించిన ఒక స్థితి. బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే ప్రభుత్వ వైద్య బృందాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆ సంగతి ఆ పిల్లవాడి అవ్వకు ఎవరైనా చెప్పాలి. అది మనమే ఎందుకు కాకూడదు?

ప్రభువు చూపిన మెట్లు

మత్తయి 18లో ప్రభువు ఒక క్రమం చెప్పారు. తప్పు జరిగితే ముందు ఒంటరిగా పోయి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని పోవాలి. అప్పుడూ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఇది విశ్వాసుల మధ్య తగవుల గురించి చెప్పినదే అయినా, బడి విషయంలోనూ ఇంతకంటే మంచి దారి మాకు కనబడలేదు.

మొదటి మెట్టు క్లాసు టీచరు. బడి విడిచాక, పిల్లలు లేనప్పుడు, మీరు రాసుకున్న నోటు పుస్తకంతో పోండి. "మీరేం చేస్తున్నారు?" అని మొదలుపెట్టవద్దు. "మా పాప ఇలా చెబుతోంది, మీకేం కనబడింది మేడం?" అని అడగండి. వారంలో మళ్ళీ వస్తానని చెప్పండి, చెప్పిన రోజున తప్పక పోండి. వీలైతే ఆ పిల్లవాడి ఇంటివాళ్ళతో కూడా మాట్లాడండి. అయితే వీధిలో నిలబడి కాదు, టీచరు సమక్షంలో. కక్షలున్న ఊళ్ళో ఈ జాగ్రత్త అవసరం.

రెండో మెట్టు హెడ్మాస్టరు లేదా ప్రిన్సిపాలు. ఇంకొక తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని పోండి. జరిగింది కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

మూడో మెట్టు తల్లిదండ్రుల కమిటీ. ప్రభుత్వ బడుల్లో ఈ కమిటీ చట్టం ప్రకారం ఉండాల్సిందే. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. మన సంఘంలోని అక్కచెల్లెళ్ళు ఆ కమిటీల్లో పేరుకు కాక, నోరు తెరిచి మాట్లాడే సభ్యులుగా ఉండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి, 2025 జూలై 10న మళ్ళీ జరిగాయి. అలాంటి రోజున కూలి పోయినా సరే బడికి పోండి. అయితే ఆ సభ ఫలానావాళ్ళ పిల్లోడని పేరు పెట్టి అరిచే చోటు కాదు. ప్రైవేటు బడి మాట వినకపోతే పైన మండలంలో ఎంఈవో గారున్నారు.

ఈ క్రమాన్ని తలకిందులు చేసేది ఈ రోజుల్లో వాట్సాప్ గ్రూపు. పొద్దున జరిగిన గొడవ మధ్యాహ్నానికి ఆ పిల్లవాడి పేరుతో, ఒక్కోసారి ఫోటోతో, ఎనభై ఫోన్లలో తిరుగుతుంది. ఒంటరిగా చెప్పాల్సిన మాట మొదటే అందరికీ చెప్పేశాం. ఇక ఆ తల్లి ఏ ముఖంతో వచ్చి మాట్లాడుతుంది? విశ్వాసులు ఆ పని చేయకూడదని మా గట్టి మాట.

"చివర్లో వినకపోతే వెలివేయమని ఉంది కదా" అంటారేమో. అది పెద్దవాళ్ళ సంగతి. అదే అధ్యాయం మొదట్లో ప్రభువు ఒక చిన్నబిడ్డను పిలిచి మధ్యలో నిలబెట్టారు. ఈ మెట్ల గురించి చెప్పడానికి సరిగ్గా ముందు తప్పిపోయిన గొర్రె కథ చెప్పారు. చిన్నవాళ్ళలో ఒక్కడు కూడా నశించడం తండ్రికి ఇష్టం లేదని ఆ కథ చివర చెప్పారు.

మరి తొంభై తొమ్మిది సంగతి?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒక్కడి కోసం మిగతా పిల్లల చదువు పాడు కావాలా? ఒక్క టీచరు అయిదు తరగతులు చూసే బడిలో ఆ ఒక్కడి వెంట ఆమె పోతే, తక్కిన పిల్లలకు పాఠమెవరు చెబుతారు? చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడిలో ఇద్దరు టీచర్లుండాలి. లేకపోతే అడగడం మన హక్కు. ఒక పిల్లవాణ్ని తీసేయమని సంతకాలు పెట్టే బదులు, రెండో టీచరును వేయమని సంతకాలు పెడదాం. దానివల్ల మన బిడ్డకూ మేలే, వాడికీ మేలే.

సంఘం చేయగలిగింది కూడా ఉంది. రిటైరైన టీచర్లు మనలో ఉన్నారు, డిగ్రీ చదివిన యవనస్థులు ఉన్నారు. సాయంత్రం గంటసేపు చర్చి వరండాలో ఏ మతం, ఏ కులం అని అడగకుండా పిల్లలను కూర్చోబెట్టి చదివించవచ్చు. ఆ అల్లరి పిల్లవాడికి సాయంత్రం పూట పేరు పెట్టి పిలిచే ఒక పెద్దమనిషి దొరికితే, అది కూడా సువార్త పనే. మతం మార్చడానికి కాదు, మనిషిగా పట్టించుకోవడానికి.

అల్లరి కానివి

ఒక హద్దు మాత్రం స్పష్టంగా చెప్పాలి. బ్లేడు, కంపాసు పెట్టి బెదిరించడం, డబ్బు తెమ్మని పీడించడం, బట్టల లోపల చెయ్యి పెట్టడం, ఆడపిల్లను బాత్రూము దగ్గర అడ్డగించడం, ఇవి అల్లరి కావు. వీటికి వారం ఆగే పని లేదు. అదే రోజు హెడ్మాస్టరుకు రాసి ఇవ్వండి. ఏ వేళలోనైనా 1098కి ఫోన్ చేయవచ్చు. లైంగికంగా వేధిస్తే, చేసింది పిల్లలైనా పెద్దలైనా, పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. ఊరిపెద్దలు కూర్చోబెట్టి రాజీ చేసే సంగతి కాదది. క్షమించడం అంటే దాచిపెట్టడం కాదు. ఆ మెట్టు దాకా పోయినప్పుడు సంఘం మీ వెనక నిలబడుతుంది.

ఆ పిల్లవాడు మన ఇంట్లోనే ఉంటే

చివరిగా, బడి నుంచి పిలుపు మనకే వస్తే? "మా వాడు అలాంటివాడు కాదు" అనేది మన నోటికి వచ్చే మొదటి మాట. ఏలీ యాజకుడు దేవుని మందిరంలో ఉంటూనే సొంత కొడుకులను అడ్డుకోలేదు. సమూయేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయంలో దేవుడు ఆయన మీద మోపిన నేరం అదే. కాబట్టి పిలిచిన టీచరుకు ముందు కృతజ్ఞత చెప్పండి. ఇంటికొచ్చి బెల్టు తీయకండి. వాడి చెయ్యి పట్టుకుని ఆ రెండో బిడ్డ ముందుకు తీసుకుపోయి క్షమాపణ అడిగించండి, లాక్కున్న వస్తువు తిరిగి ఇప్పించండి. వారం రోజులు వాడి పక్కన కూర్చుని అన్నం తినండి. ఫోను పక్కన పెట్టండి.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మన బిడ్డ పేరుతో పాటు ఆ పిల్లవాడి పేరు కూడా చెప్పి ప్రార్థించండి. మన బిడ్డ వింటుండగా చెప్పండి. ఇష్టం లేకపోయినా చెప్పండి. పేరు పెట్టి ప్రార్థించిన పిల్లవాణ్ని శత్రువుగా చూడడం రోజురోజుకూ కష్టమవుతుంది.

ప్రేమగల తండ్రీ, మా చిన్నబిడ్డలను నీ రెక్కల నీడలో కాపాడు. భయంతో బడికి పోయే బిడ్డకు తోడుగా నడువు. కోపంతో బడికి వచ్చే బిడ్డను కూడా నువ్వే ఎత్తుకో. టీచర్లకు ఓర్పునూ బలాన్నీ ఇవ్వు. మా ఇళ్ళలో కక్ష మాటలు ఆగిపోవాలి. ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని వాళ్ళను నీ పక్కన కూర్చోబెట్టుకున్నావు. ఆ సంగతి మేమూ మా పిల్లలూ మరచిపోకుండా చేయి. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.